వేడినీళ్ళ పైపుల ఫ్లోర్ మీద టైల్స్: మేస్త్రీ సిమెంటు మాలే అంటున్నాడు, ఏం చేయాలి?

సర్జాపూర్_కొత్తిల్లు

అందరికీ నమస్కారం. సర్జాపూర్ రోడ్డు వైపు ఇల్లు కట్టుకుంటున్నాం. కింది అంతస్తులో అమ్మానాన్నల పడకగది, హాలు, డైనింగ్, ఈ మూడింటి కింద వేడినీళ్ళ పైపులు పరిపించాను. జర్మనీలో ఉన్న రోజుల్లో అలవాటైన సౌకర్యం. అమ్మకు కీళ్ళవాతం. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే విట్రిఫైడ్ టైల్స్ మీద కాలు పెట్టలేకపోతోంది.

ఇప్పటిదాకా జరిగిన పని ఇది. స్లాబ్ మీద వేడి కిందికి పోకుండా 30 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీట్లు, వాటిపైన ప్లాస్టిక్ షీటు, 150 మి.మీ. ఎడంతో 16 మి.మీ. పెక్స్ (ప్లాస్టిక్) పైపు, ఆ పైన 65 మి.మీ. సిమెంటు స్క్రీడ్, అంటే పైపులను కప్పే ఇసుక సిమెంటు పొర. స్క్రీడ్ పోసి ఇంకా రెండు వారాలు కాలేదు. గది 12×13 అడుగులు. హాలు, డైనింగ్ కలిసి ఎల్ ఆకారంలో ఉన్నాయి, పొడుగు వైపు 34 అడుగులు.

టైల్స్ వచ్చేశాయి. మోర్బీ సరుకు, 800×1600 సైజు, క్రీమ్ రంగు, గ్లాసీ. మేస్త్రీ "నలభై మి.మీ. ఇసుక సిమెంటు మాలు వేసి, సిమెంటు పాలు పోసి కూర్చోబెడతాను సార్, ఇన్నేళ్ళుగా ఇదే పని" అంటున్నాడు. మా ఆవిడకు టైల్‌కీ టైల్‌కీ మధ్య గీత కనపడకూడదు. మా మామగారు మాఘంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేశారు.

నీళ్ళు వేడిచేసే హీట్ పంపు ఇంకా బిగించలేదు. ఇప్పుడే టైల్స్ మొదలుపెట్టేయవచ్చా?

చలికి_లొంగను

బెంగళూరులో ఫ్లోర్ హీటింగా! అన్నా, అమ్మగారికి రెండు జతల ఉన్ని మేజోళ్ళు కొనిచ్చి, మిగిలిన డబ్బుతో కారు మార్చుకోవాల్సింది.

లెక్కల_మాస్టారు

వెక్కిరించడం తేలికే. ఈ ఊళ్ళో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైంది. మామూలు జనవరిలో కనిష్ఠం 15, 16 దగ్గర ఉంటుంది. గాలి కంటే నేల చల్లదనమే పెద్దవాళ్ళను బాధిస్తుంది.

ఖర్చు మాట చూద్దాం. నేల పైభాగం 26, గది గాలి 21 డిగ్రీలు ఉంటే చదరపు మీటరుకు దాదాపు 50 వాట్ల వేడి వస్తుంది. వాళ్ళ గది 14.5 చదరపు మీటర్లు, అంటే 750 వాట్లు. 35 డిగ్రీల నీళ్ళు ఇచ్చే హీట్ పంపు మన ఊరి వాతావరణంలో ఒక వంతు కరెంటుకు నాలుగు వంతుల వేడి ఇవ్వగలదు. ఆ లెక్కన 200 వాట్ల లోపు. రాత్రంతా నడిపినా రెండు యూనిట్ల దరిదాపు. రూమ్ హీటర్ పెట్టుకుంటే గంటకే ఆ రెండు యూనిట్లు కాలిపోతాయి.

పరిపించేశారు కాబట్టి అవసరమా కాదా అనే చర్చ ఇక్కడితో ఆపి, టైల్స్ సంగతి చూద్దాం.

డబ్లిన్_నుంచి_వచ్చా

సివిల్ ఇంజనీర్‌ని. కొన్నేళ్ళు ఐర్లండ్‌లో ఇలాంటి ఇళ్ళ మీదే పనిచేశాను, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను.

ఇప్పుడే మొదలుపెట్టేయవచ్చా అన్నారు కాబట్టి ముందు దానికే జవాబు: వద్దు. మీ ముహూర్తానికీ మీ స్క్రీడ్‌కీ సంబంధం లేదు. సిమెంటు స్క్రీడ్ పోసిన తర్వాత కనీసం 21 రోజులు ఆగాలి. ఆ తర్వాత టైల్స్ వేయకముందే పైపుల్లోకి వేడినీళ్ళు వదలాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 చెప్పే పద్ధతి ఇది: మొదట 20 నుంచి 25 డిగ్రీల నీళ్ళు మూడు రోజులు, తర్వాత మీ డిజైన్‌లోని గరిష్ఠ వేడితో నాలుగు రోజులు. ఆపైన మెల్లగా చల్లార్చాలి.

దీనివల్ల రెండు లాభాలు. స్క్రీడ్‌లో మిగిలిన తడి బయటికి వస్తుంది. పగలాల్సిన చోట ఏదైనా ఉంటే ఇప్పుడే పగిలి, మన కంటికి కనపడుతుంది. టైల్స్ వేశాక మొదటిసారి వేడి పెడితే ఆ పగుళ్ళు మీ 800×1600 పలకల మీదుగా పోతాయి.

65 మి.మీ. స్క్రీడ్ ఊరికే గాలికి ఆరాలంటే పాత లెక్క ఒకటుంది. మొదటి 4 సెంటీమీటర్లకు సెంటీమీటరుకు వారం, ఆపై ప్రతి సెంటీమీటరుకు రెండు వారాలు. అంటే మీకు తొమ్మిది వారాలు. వేడి పెడితే ఇది బాగా తగ్గుతుంది. అయితే ఆరిందో లేదో కంటితో చూసి చెప్పేది కాదు. స్క్రీడ్‌లోంచి ముక్క తీసి పరీక్షించే కార్బైడ్ పద్ధతిలో కొలిస్తే వేడి పైపులున్న సిమెంటు స్క్రీడ్‌లో తేమ 1.8 శాతానికి మించకూడదు. పైపులు లేని మామూలు ఫ్లోర్‌కైతే 2 ఉన్నా ఒప్పుకుంటారు.

ఇంకొకటి అడగాలి. క్యూరింగ్‌కు మడులు కట్టి నీళ్ళు నిలబెట్టారా?

సర్జాపూర్_కొత్తిల్లు

మడులు కడదామని మేస్త్రీ అన్నాడు, నేను ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ కప్పి ఉంచాం. దానికి కూడా అలిగాడు.

డబ్లిన్_నుంచి_వచ్చా

బతికించారు. నీళ్ళు నిలబెడితే గోడల అంచున పెట్టిన ఫోమ్ పట్టీ పక్కనుంచి కిందకి దిగి, షీట్ల మధ్య చిక్కుకుంటాయి. ప్లాస్టిక్ ఉంది కాబట్టి కిందకి పోలేవు, స్క్రీడ్ ఉంది కాబట్టి పైకి రాలేవు. తర్వాత నెలలు గడిచినా తేమ మీటరు దిగదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

తాపీపని_సిక్కోలు

మాది శ్రీకాకుళం జిల్లా. హెచ్‌ఎస్‌ఆర్, బెళ్ళందూరు వైపు టైల్స్ కాంట్రాక్టులు చేస్తాను. మీ మేస్త్రీని తిట్టకండి సార్, ఆయన చెప్పేది మామూలు ఇంటికి చెల్లుతుంది. కాకపోతే మీ ఫ్లోర్ మామూలుది కాదు.

పాత రోజుల్లో సెరామిక్ టైల్, మొజాయిక్, కడప బండ, ఇవన్నీ నీళ్ళు పీల్చుకునేవి. సిమెంటు పాలు పోస్తే అది లోపలికి దిగి పట్టుకునేది. విట్రిఫైడ్ నీళ్ళు పీల్చుకునేది అర శాతం కూడా ఉండదు. గాజు పలక వెనక సిమెంటు పాలు పూసినట్టే. టైల్ బరువు మీద, మాలు బరువు మీద అలా కూర్చుని ఉంటుంది, అంతే. మామూలు ఇళ్ళలోనే నాలుగైదు ఏళ్ళకు హాలు మధ్యలో టైల్స్ గుడారంలా లేవడం మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ పైపులు లేవు, వేడి లేదు. అయినా లేస్తాయి. ఇక రోజూ వేడెక్కి చల్లారే నేల సంగతి చెప్పేదేముంది.

రెండో సంగతి, మాలులో డొల్లలు తప్పవు. రబ్బరు సుత్తితో ఎంత కొట్టినా ఎక్కడో గాలి మిగులుతుంది. గాలి ఉన్నచోట వేడి పైకి రాదు. అమ్మగారు నడుస్తుంటే ఒకచోట వెచ్చగా, అడుగు పక్కన చల్లగా ఉంటుంది.

గమ్ముతోనే, అంటే బస్తాల్లో వచ్చే టైల్ అడ్హెసివ్‌తోనే వేయాలి. అదీ సైట్ పక్క షాపులో చవగ్గా వస్తుందని తెచ్చిన బస్తా కాదు.

నీళ్ళపని_జేపీనగర్

తాపీపని అన్న చెప్పింది నిజం. ఇంకా 40 మి.మీ. మాలు వేస్తే ఎత్తు సంగతి? షీటు 30, స్క్రీడ్ 65, మాలు 40, టైల్ 9. మొత్తం 144. పక్కనున్న వంటింటి లెవల్ ఏమవుతుంది, తలుపుల కింద ఎంత కోస్తారు? గమ్ముతో అయితే ఆ 40 పోయి 5 వస్తుంది.

కూనూరు_కోడలు

నేను జయనగర్‌లో ఉంటాను. అత్తగారిల్లు కూనూరులో. అక్కడ చలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. మావాళ్ళు ఇలాంటి ఫ్లోరే వేయించారు. గమ్ము మంచిదే వాడారు, స్క్రీడ్ ఆరబెట్టారు, అంతా పద్ధతిగా చేశారు. ఆఖర్న స్కర్టింగ్ వేసినాయన గోడకూ ఫ్లోర్ టైల్‌కూ మధ్య వదిలిన ఖాళీని చెత్తగా ఉందని, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్‌తో మెత్తేశాడు. పైకి తేలిన ఫోమ్ పట్టీ కూడా ముందే కోసి పారేశాడట.

మొదటి చలికాలం బాగానే గడిచింది. రెండో చలికాలంలో ఓ రాత్రి తుపాకీ పేలినంత చప్పుడు. పొద్దున చూస్తే కిటికీ దగ్గర రెండు వరసలు లేచి నిలబడ్డాయి. విప్పి చూస్తే గమ్ము టైల్‌కు బాగానే అంటుకుని ఉంది. నేల పెరగడానికి చోటు లేక పైకి లేచింది.

అంచున ఖాళీ వదలమని మేస్త్రీకి చెప్తే సరిపోదు. స్కర్టింగ్ వేసేవాడికీ, పెయింటర్‌కూ, చివర్లో క్లీనింగ్‌కు వచ్చేవాళ్ళకూ చెప్పాలి. ఒక్కొక్కరూ వచ్చి ఆ సందును పూడ్చాలనే చూస్తారు.

లెక్కల_మాస్టారు

కూనూరు అక్క చెప్పినదానికి అంకెలు. సిమెంటు స్క్రీడ్ మీటరుకు ప్రతి డిగ్రీకి మి.మీ.లో వందో వంతు కంటే కొంచెం ఎక్కువ పెరుగుతుంది. విట్రిఫైడ్ టైల్ అందులో అరవై శాతం. సర్జాపూర్ గారి 34 అడుగులు అంటే 10.4 మీటర్లు. 15 డిగ్రీలు పెరిగితే స్క్రీడ్ దాదాపు 1.9 మి.మీ., టైల్ 1.1 మి.మీ. పెరుగుతాయి. తేడా 0.8. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది. కానీ గట్టిగా అంటిన రెండు పొరల మధ్య ఆ 0.8 ఎక్కడికీ పోలేక కూర్చుంటుంది, అదీ ప్రతి చలికాలం, ప్రతి రోజూ.

సాగే గమ్ము అడిగేది అందుకే.

డబ్లిన్_నుంచి_వచ్చా

గమ్ము గురించి. బస్తా మీద రెండు గుర్తులు వెతకండి. ఒకటి సీ2, అంటే అతుకు బలం చదరపు మి.మీ.కు కనీసం 1 న్యూటన్. సీ1 అయితే అందులో సగం. రెండోది ఎస్1 లేదా ఎస్2, అంటే ఎండిన తర్వాత ఎంత వంగగలదు అన్నది. 2.5 నుంచి 5 మి.మీ. దాకా అయితే ఎస్1, అంతకు మించితే ఎస్2. మీ సైజు పలకలకు సీ2 ఎస్1 తక్కువలో తక్కువ. మన దేశ ప్రమాణం ఐఎస్ 15477లో టైప్ 1 నుంచి 5 దాకా ఉన్నాయి, టైప్ 1 వైపు చూడనే వద్దు. హైదరాబాద్ మైక్ లాటిక్రీట్, బెంగళూరు ఆర్డెక్స్ ఎండురా, రోఫ్, అందరి దగ్గరా ఈ తరగతి సరుకు దొరుకుతుంది. ఏ కంపెనీ అన్నది నాకు పెద్ద పట్టింపు లేదు. బస్తా వెనక "వేడి చేసే నేలకు వాడవచ్చు" అని రాసి ఉండాలి, అంతే.

కంపెనీ గురించి గంటలు గంటలు వాదించుకుని, ఆరబెట్టడానికి వారం ఆగలేని ఇళ్ళు చాలా చూశాను.

ఇక ఎల్ ఆకారం. స్క్రీడ్‌లో ఒక ముక్క 40 చదరపు మీటర్లు దాటకూడదు, ఏ వైపూ 8 మీటర్లు మించకూడదు. పొడుగు వెడల్పుకు రెండింతలు దాటకుండా చూసుకోవాలి. మీది 10.4 మీటర్లు. కాబట్టి హాలు, డైనింగ్ కలిసే మెడ దగ్గర జాయింట్, అంటే కదలికకు వదిలే సందు, తప్పదు. స్క్రీడ్‌లో పెట్టారా?

సర్జాపూర్_కొత్తిల్లు

పెట్టాం. మెడ దగ్గర, పడకగది తలుపు దగ్గర ఫోమ్ పట్టీ నిలబెట్టి పోశారు. ఆ రెండు చోట్లా పైపుకు తొడుగు కూడా వేశారు. గమ్ముకు ఒప్పుకుంటాను, ఆరబెట్టడానికీ ఒప్పుకుంటాను. కానీ హాలు మధ్యలో జాయింట్ అంటే మా ఆవిడ ఒప్పుకునేలా లేదు. షోరూంలో సందు లేకుండా టైల్‌కు టైల్ ఆనించే పేపర్ జాయింట్‌తో వేసి చూపించారు, అప్పటినుంచి అదే కావాలంటోంది. స్క్రీడ్ జాయింట్ మీద టైల్ కప్పేస్తే కుదరదా? ఎలాగూ గమ్ము సాగుతుంది కదా.

డబ్లిన్_నుంచి_వచ్చా

కుదరదు. స్క్రీడ్‌లో జాయింట్ ఎక్కడుందో టైల్‌లో కూడా సరిగ్గా అక్కడే ఉండాలి. పక్కకు జరిపినా చెల్లదు. గమ్ము సాగేది పలక కింద కొద్దికొద్దిగా అంతటా పంచుకోవడానికి. రెండు ముక్కలు విడిపోయే చోట మొత్తం కదలిక ఒకే గీత మీద పడుతుంది. టైల్ ఆ గీత వెంబడే చీలుతుంది.

తాపీపని_సిక్కోలు

సార్, మేడమ్ గారికి ఇలా చెప్పి చూడండి. జాయింట్ నుంచే టైల్ లేఅవుట్ మొదలుపెట్టండి. గోడ దగ్గర నిండు టైల్ పెట్టుకుంటూ వస్తే మెడ దగ్గర జాయింట్ టైల్ మధ్యలో పడి వికారంగా ఉంటుంది. మెడ గీత మీద టైల్ అంచు వచ్చేలా రెండు వైపులా వేసుకుంటూ పోయి, ముక్కలు గోడల పక్కకు, సోఫా కిందకు తోసేయాలి. అప్పుడది మిగతా గీతల్లో ఒకటిగా కలిసిపోతుంది. మిగతావి 3 మి.మీ. గ్రౌట్, ఇదొక్కటీ 6 నుంచి 8 మి.మీ. సిలికాన్. గ్రౌట్ రంగుకు సరిపోయే సిలికాన్ దొరుకుతుంది, క్రీమ్‌లో నాలుగైదు ఛాయలు ఉంటాయి. లోపల ఫోమ్ తాడు పెట్టి పైన సిలికాన్ కొట్టాలి, అడుక్కి అంటకూడదు.

పేపర్ జాయింట్ అయితే నేను ఈ పని ఒప్పుకోను. మామూలు ఇళ్ళలో కూడా ఇష్టం లేకుండానే చేస్తాను. టైల్ సైజుల్లోనే అర మి.మీ. తేడా ఉంటుంది, అది ఎక్కడికి పోతుంది?

కూనూరు_కోడలు

పడకగది జాయింట్ తలుపు మూసినప్పుడు తలుపు రెక్క కిందకు వచ్చేలా పెట్టించండి. హాల్లోంచి చూస్తే కనపడదు, గదిలోంచి చూసినా కనపడదు. మా ఇంట్లో రెండోసారి అలాగే చేయించాం.

హాలు గీత గురించి మీ ఆవిడను నాతో మాట్లాడమనండి. తుపాకీ చప్పుడు కథ చెప్తాను.

చలికి_లొంగను

వెక్కిరించినవాణ్ణే, కానీ దీంట్లో పడిపోయాను. ఒక అనుమానం. కింద ఆ ఆరెంజ్ రంగు ప్లాస్టిక్ చాప, గళ్ళగళ్ళగా ఉండేది, యూట్యూబ్‌లో అందరూ వేస్తుంటారు. అది వేస్తే ఇన్ని తంటాలు అక్కర్లేదా?

డబ్లిన్_నుంచి_వచ్చా

దాన్ని డీకప్లింగ్ మెంబ్రేన్ అంటారు. స్క్రీడ్ కదలిక నేరుగా టైల్‌కు అందకుండా మధ్యలో కొంత మింగేస్తుంది. స్క్రీడ్‌లో సన్న పగుళ్ళు కనిపిస్తే నేను తప్పకుండా వేయిస్తాను. ఈ సైజు పలకలకు స్క్రీడ్ బాగున్నా వేసుకోవచ్చు, డబ్బు ఉంటే. అయితే అది అంచు సందుకూ, జాయింట్లకూ, మొదటి వేడికీ బదులు కాదు. అమ్మేవాళ్ళు అలా మాట్లాడతారు. మెంబ్రేన్ తయారుచేసే కంపెనీల సూచనలు చదివితే వాళ్ళు కూడా జాయింట్లు వదలమనే చెప్తారు.

సర్జాపూర్_కొత్తిల్లు

ఇప్పుడు పెద్ద చిక్కు. హీట్ పంపు రావడానికి ఇంకా టైం పడుతుంది. కరెంటు కూడా టెంపరరీ కనెక్షనే. మొదటి వేడి ఎలా పెట్టాలి? మేడ మీద సోలార్ వాటర్ హీటర్ ముందే బిగించారు, దాన్నుంచి నేరుగా కలిపేయమని ప్లంబర్ అంటున్నాడు.

నీళ్ళపని_జేపీనగర్

వద్దు వద్దు. సోలార్ ట్యాంకులో మధ్యాహ్నానికి 60 డిగ్రీలు, ఎండ బాగుంటే అంతకంటే ఎక్కువ. సిమెంటు స్క్రీడ్‌లోకి 55 దాటిన నీళ్ళు ఎప్పుడూ పోకూడదు. మీ ఫ్లోర్ 40 దగ్గర ఆగిపోవాలి. పైగా స్నానాల నీళ్ళూ ఫ్లోర్ నీళ్ళూ ఎప్పుడూ కలపకూడదు. ఫ్లోర్‌లోవి అవే నీళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతుంటాయి.

మీకు కావలసినవి చిన్న ఎలక్ట్రిక్ హీటర్, సర్క్యులేషన్ పంపు, మధ్యలో మిక్సింగ్ వాల్వు. హీట్ పంపు ఇచ్చేవాళ్ళు అద్దెకు తెచ్చిపెడతారేమో ముందు అడగండి. టెంపరరీ కనెక్షన్ లోడ్ ఎంతో చూసుకోండి. రెండు, మూడు కిలోవాట్లు దొరికితే ఒక్కొక్క జోన్‌గా చేసుకుంటూ పోవచ్చు, మొత్తం ఒకేసారి అక్కర్లేదు.

లోపల నింపే నీళ్ళు బోరువి వాడకండి. సర్జాపూర్ వైపు బోరు నీళ్ళలో సున్నం ఎంత ఉంటుందో గీజర్ కాయిల్ విప్పి చూసినవాళ్ళకు తెలుసు. సాఫ్ట్‌నర్ నీళ్ళో, ఆర్‌ఓ నీళ్ళో నింపి, తుప్పు పట్టకుండా ఇన్హిబిటర్ కలపాలి. పైపు ప్లాస్టిక్ అయినా, పైపులన్నీ వచ్చి కలిసే మానిఫోల్డ్, పంపు, హీట్ పంపు లోపలి భాగాలు లోహమే కదా.

టైల్స్ పని జరిగినన్నాళ్ళూ పైపుల్లో 6 బార్ ఒత్తిడి పెట్టి, గేజీ మానిఫోల్డ్ దగ్గర అందరికీ కనపడేలా ఉంచండి. ఎవరి చేతిలోనైనా పైపు దెబ్బతింటే ముల్లు అప్పటికప్పుడు పడిపోతుంది. ఎవరు చేశారో కూడా అప్పుడే తెలుస్తుంది. తర్వాత తెలిస్తే ఎవరూ ఒప్పుకోరు.

వేళచేరి_వాసి

చెన్నై నుంచి అడుగుతున్నాను. మాకు చలి బాధ లేదు, ఉక్కపోత బాధ. ఇవే పైపుల్లో చల్లనీళ్ళు తిప్పితే ఏసీ లేకుండా గడిచిపోతుందా? టైల్ చల్లగా ఉంటుంది కదా.

లెక్కల_మాస్టారు

మీ ఊళ్ళో అది పెద్ద చిక్కు. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి ఉపరితలం మీదా నీళ్ళు పడతాయి. మీ నేలను 22కి చల్లబరిస్తే తుడిచిన ఐదు నిమిషాలకు మళ్ళీ తడి. గ్లాసీ టైల్ మీద తడి అంటే ఎవరో ఒకరు జారిపడతారు. ముందు గాలిలో తేమ తీసే ఏర్పాటు ఉండి, కిటికీలు మూసి ఉంటేనే ఇది పనిచేస్తుంది. హైదరాబాద్ పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో కట్టిన భవనంలో సగానికి చల్లనీళ్ళ పైపుల పద్ధతే పెట్టారు. కానీ అక్కడ బయటి గాలిని ఆరబెట్టి లోపలికి పంపే వ్యవస్థ వేరే ఉంది. ఇంట్లో అంత ఏర్పాటు చేసేకంటే మామూలు ఇన్వర్టర్ ఏసీ చవక.

వేళచేరి_వాసి

సరే, ఫ్యానే గతి.

తాపీపని_సిక్కోలు

టైల్స్ వేసే రోజు సంగతి చెప్తాను, సర్జాపూర్ సార్ ఇది మీ మేస్త్రీకి చదివి వినిపించండి.

ముందురోజే వేడి ఆపేయాలి, నేల మామూలు చల్లదనానికి రావాలి. వెచ్చటి నేల మీద గమ్ము పరిస్తే పైన తోలు కట్టేస్తుంది, టైల్ పెట్టేసరికి అంటదు. స్క్రీడ్ మీద తేలిన పాలపొరను గీకి, వాక్యూమ్ కొట్టి, ప్రైమర్ వేయాలి. విట్రిఫైడ్ టైల్ వెనక తెల్లటి పొడి ఉంటుంది, భట్టీలో అంటకుండా పూసేది. చాలామంది దాన్ని పట్టించుకోరు. తడిగుడ్డతోనో, బ్రష్‌తోనో తుడిచెయ్యాలి. లేకపోతే గమ్ము ఆ పొడికి అంటుతుంది కానీ టైల్‌కు అంటదు.

10 మి.మీ. పళ్ళ తాపీతో నేల మీద ఒకే దిక్కుకు గీతలు గీయాలి, గుండ్రంగా తిప్పకూడదు. టైల్ వెనక కూడా పల్చగా పూయాలి. నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి టైల్ నొక్కే పద్ధతి ఈ ఇంట్లో వద్దే వద్దు. మొదటి రెండు మూడు టైల్స్ పెట్టిన వెంటనే లేపి చూడండి. వెనక అంతా నిండి ఉండాలి. అరచేయంత ఖాళీ కనపడినా మళ్ళీ వేయించండి. మేస్త్రీ మొహం మాడ్చుకుంటాడు, పర్లేదు.

గమ్ము కలిపేటప్పుడు నీళ్ళు కొలిచి పోయాలి. కలిపింది బిగుసుకుపోతే నీళ్ళు చల్లి మళ్ళీ తిప్పకూడదు, పారేయాల్సిందే. ఇక్కడే కుర్రాళ్ళు మోసం చేస్తారు.

సర్జాపూర్_కొత్తిల్లు

వేశాక వేడి ఎప్పుడు పెట్టాలి?

డబ్లిన్_నుంచి_వచ్చా

గమ్ము, గ్రౌట్ కంపెనీ ఎన్ని రోజులంటే అన్ని రోజులు. కొన్ని 7 అంటాయి, కొన్ని 28 దాకా వెళ్తాయి. తర్వాత రోజుకు 5 డిగ్రీల చొప్పున పెంచండి. తొందరగా గట్టిపడాలని వేడి పెట్టేవాళ్ళున్నారు. సిమెంటుకు ఆరడం వేరు, గట్టిపడటం వేరు. వేడి పెడితే నీళ్ళు ముందే ఎగిరిపోయి గమ్ము పొడిబారుతుంది.

గృహప్రవేశం గురించి నా సలహా: ముహూర్తం మార్చకండి. పాలు పొంగించేది వంటింట్లో కదా, అక్కడ పైపులు లేవు. వంటిల్లు, పూజగది, పై అంతస్తు టైల్స్ ఇప్పుడే పూర్తిచేసుకోండి. హాలు సిద్ధం కాకపోతే ఆరోజు స్క్రీడ్ మీద జంపఖానాలు పరిచి భోజనాలు పెట్టండి. హోమం మాత్రం ఆ స్క్రీడ్ మీద ఇటుకలు పేర్చి చేయకండి, బయట వాకిట్లో చేయించండి. ఒకేచోట అంత వేడి తగిలితే కింద ప్లాస్టిక్ పైపు ఉంది.

కూనూరు_కోడలు

వాడకం గురించి రెండు మాటలు. అమ్మగారికి షుగర్ ఉందా? ఉంటే, పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే, నేల 26, 27 దాటనివ్వకండి. ఎక్కువసేపు ఒకేచోట కాళ్ళు పెట్టుకు కూర్చుంటే తెలియకుండానే చర్మం కమిలిపోతుంది. గదుల్లో 29 అన్నది పై హద్దు, అంత దాకా వెళ్ళే అవసరం బెంగళూరులో రాదు. కింద పరుపు వేసుకుని పడుకునే అలవాటు ఉంటే ఆ చోట వేడి కింద ఇరుక్కుపోతుంది. దళసరి తివాచీ కూడా అంతే. మా అత్తగారు ఆవకాయ జాడీలు వెచ్చటి నేల మీద వరసగా పెట్టారు, ఏమైందో అడగొద్దు.

రాత్రి పడుకునే ముందు ఆన్ చేస్తే అప్పటికప్పుడు వెచ్చబడదు. 65 మి.మీ. కాంక్రీటు వేడెక్కడానికి గంటలు పడుతుంది. చలికాలమంతా తక్కువ వేడి మీద అలా నడుస్తూ ఉండనివ్వాలి.

బండల_బేరగాడు

ఆలస్యంగా వచ్చాను. ఎవరూ రాయి గురించి అనలేదేం? తాండూరు బండ, సాదరహళ్ళి గ్రానైట్, ఇవి వేడిని టైల్ కంటే బాగా పంపుతాయి. గ్రానైట్ అయితే విట్రిఫైడ్ కంటే రెండింతలు పైనే.

తాపీపని_సిక్కోలు

నిజమే, గ్రానైట్ మీద పని నాకూ ఇష్టం. కానీ 9 మి.మీ. టైల్ బదులు 18 మి.మీ. రాయి వేస్తే ఆ లాభం దాదాపు అంతా మందానికే పోతుంది. లేత రంగు రాయికి తెల్ల గమ్మే వాడాలి, లేకపోతే కింది మచ్చ పైకి తేలుతుంది. సార్ టైల్స్ కొనేశారు కదా, ఇంకెందుకు.

సర్జాపూర్_కొత్తిల్లు

అందరికీ చాలా థాంక్స్. కూనూరు అక్కతో మా ఆవిడ మాట్లాడింది, మెడ దగ్గర గీతకు ఒప్పుకుంది. రంగు మాత్రం తనే ఎంచుతానంది. మేస్త్రీతో కూర్చున్నాం. గమ్ముకు సరేనన్నాడు, చదరపు అడుగుకు కూలి పెంచమన్నాడు, అది న్యాయమే. అద్దె హీటర్ వచ్చే వారం వస్తుంది. తేమ కొలిచేవాళ్ళు స్క్రీడ్‌లోంచి ముక్క తీయాలంటున్నారు. పైపు తగలకుండా ఎలా?

డబ్లిన్_నుంచి_వచ్చా

పైపులు పరిచినప్పటి ఫొటోలు ఉన్నాయా? ఉంటే గోడల నుంచి టేపుతో కొలిచి చోటు గుర్తించండి. లేకపోతే మొదటి వేడి పెట్టిన గంటకు థర్మల్ కెమెరాతో చూస్తే పైపుల దారి చారలుగా కనపడుతుంది. అప్పుడే చాక్‌పీస్‌తో గీసి, మళ్ళీ ఫొటో తీసి పెట్టుకోండి.

నీళ్ళపని_జేపీనగర్

ఆ ఫొటో ప్రింటు తీసి వడ్రంగికి ఇవ్వండి. టైల్స్ అయ్యాక చివర్లో వచ్చేది అతనే. తలుపు టవర్ బోల్టు కిందికి దిగడానికి ఫ్లోర్‌లో చిల్లు పెడతాడు, డోర్ స్టాపర్‌కు ఇంకో చిల్లు. నేను చూసిన లీకుల్లో ఎక్కువ అక్కడివే. స్టాపర్ మాగ్నెట్‌ది తీసుకుని గోడకు బిగించమనండి, అడుగు బోల్టు అసలు వద్దనండి.

సర్జాపూర్_కొత్తిల్లు

వడ్రంగి రేపు కొలతలకు వస్తున్నాడు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను.